రిపోర్టులో ముందు తేదీ చూడండి

(ఇండియా నుంచి పిల్లల్ని దత్తత తీసుకోవాలనుకుంటున్న తెలుగు కుటుంబాల కోసం న్యూజెర్సీ ఎడిసన్‌లో జరిగిన సమావేశంలో ఒక పిల్లల డాక్టరు గారు చేసిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగ్ విని టైప్ చేశాం.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్ళు ముందుకు రండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. ముందు వరసలో కూర్చుంటే ప్రశ్నలు అడుగుతానని భయమా? అడగను. రండి, రండి.

నేను గుంటూరులో చదువుకున్నాను. ఇక్కడికొచ్చి పిల్లల డాక్టరుగా ఇరవై ఏళ్ళు దాటింది. ఈ దత్తత ఫైళ్ళు చూడటం నేను కావాలని మొదలుపెట్టిన పని కాదు. మా అక్క కూతురు ఒకరోజు రాత్రి పదింటికి ఫోన్ చేసింది. "పిన్నీ, మాకు రిఫరల్ వచ్చింది, ఈ పాపని తీసుకుంటారా అని అడుగుతున్నారు. మూడు పేజీల రిపోర్టు పంపారు. త్వరగా చెప్పాలట. నువ్వొకసారి చూడవా?" అంది. చూశాను. అది తన స్నేహితురాలికి చెప్పింది, ఆమె ఇంకొకరికి చెప్పింది. ఇప్పుడు మీరంతా ఇక్కడ కూర్చున్నారు.

ఇలా ఫైలు పట్టుకుని వచ్చేవాళ్ళు నన్ను అడిగే మొదటి ప్రశ్న ఒకటే. రిపోర్టులో ఏదో ఒక పదం మీద వేలు పెట్టి, "ఆంటీ, ఇది పెద్ద జబ్బా?" అంటారు. నేను అడిగే మొదటి ప్రశ్న కూడా ఒకటే. "ఈ రిపోర్టు తేదీ ఎప్పటిదమ్మా?" అంటాను. అప్పుడు కాగితం తిప్పి చూస్తారు. పైన చూస్తారు, కింద చూస్తారు. అప్పటిదాకా ఎవరూ చూసి ఉండరు. ఎనిమిది నెలల కిందటిది అయి ఉంటుంది. పాపకి ఇప్పుడు పద్నాలుగు నెలలు. అంటే మీ చేతిలో ఉన్నది ఆరు నెలల పాప రిపోర్టు! ఆ ఎనిమిది నెలల్లో ఏం జరిగింది? ఎవరైనా అడిగారా?

ఇవాళ నేను చెప్పేదంతా దీని చుట్టూనే తిరుగుతుంది. జబ్బు పేరు చూసి భయపడతాం, గడిచిపోయిన నెలలు చూసి భయపడం. నా అనుభవంలో మాత్రం భయపడాల్సింది రెండోదానికే.

సరే, ముందు ఎదురుచూపుల సంగతి. చిత్రం ఏమిటంటే, మనం పుట్టిన దేశం నుంచి, మన రంగు, మన ముక్కు ఉన్న పిల్లని తెచ్చుకుంటాం. చట్టం లెక్కలో అది విదేశీ దత్తత. విదేశీ దత్తతల మీద దేశాలు కుదుర్చుకున్న హేగ్ ఒప్పందం 1993 నాటిది, ఇండియా 2003లో చేరింది, అమెరికాలో 2008 నుంచి అమల్లోకి వచ్చింది. అందుకని రెండు ప్రభుత్వాలూ ఒప్పుకోవాలి. అక్కడ కారా, అంటే దత్తతలు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ. ఇక్కడ ఇమిగ్రేషన్ వాళ్ళు.

హెచ్1 ఉద్యోగ వీసా మీద ఉన్నవాళ్ళు ఎంతమంది ఉన్నారిక్కడ? చేతులెత్తండి. చాలామందే. మీకు ఒక చేదు మాట ముందే చెప్పేస్తాను. దత్తతకి మీరు తగినవాళ్ళని ఇమిగ్రేషన్ వాళ్ళ చేత ఒప్పించుకునే దరఖాస్తు ఐ-800ఎ. అది వేయాలంటే భార్యాభర్తల్లో ఒకరైనా అమెరికా పౌరులై ఉండాలి. ఇద్దరూ వీసా మీదో, గ్రీన్ కార్డు మీదో ఉంటే ఈ దారి లేదు. మామూలు దారిలో పిల్లని తీసుకురావాలంటే రెండేళ్ళు చట్టప్రకారం మీ సంరక్షణలో ఉన్నట్టూ, రెండేళ్ళు మీతో కలిసి బతికినట్టూ చూపించాలి. అంటే ఒకరు ఉద్యోగం వదిలేసి ఇండియా వెళ్ళి ఉండాలన్నమాట. అలా వెళ్ళినవాళ్ళు నాకు తెలుసు. తేలిక కాదు. లాయరుతో మాట్లాడకుండా ఒక్క అడుగు కూడా వేయొద్దు. "మా అన్నయ్య కొడుకునే తెచ్చుకుంటాం, సొంతవాళ్ళేగా" అనేవాళ్ళకి కూడా ఇదే మాట. ఇక్కడి వీసా ఆఫీసు మన వరసలు చూడదు, తన రూల్సే చూస్తుంది.

ఇక పౌరులైనవాళ్ళ సంగతి. ముందు ఇక్కడ హోమ్ స్టడీ, అంటే మీ ఇల్లూ కుటుంబం గురించి విచారణ, తర్వాత ఐ-800ఎ. అది అయ్యాక ఇక్కడి ఏజెన్సీ మీ పేరు కారా పోర్టల్లో ఎక్కిస్తుంది. అక్కడి నుంచి వరస. మీ ఐ-800ఎ అప్రూవల్ 15 నెలలకే చెల్లుతుంది. వరసేమో ఏళ్ళు పడుతుంది. ఆరోగ్యంగా ఉన్న చంటిబిడ్డే కావాలంటే ఇండియాలో ఉన్నవాళ్ళకే మూడేళ్ళు దాటుతోంది. కాబట్టి మధ్యలో మళ్ళీ వేలిముద్రలు, మళ్ళీ ఫీజులు, మళ్ళీ హోమ్ స్టడీ అప్‌డేట్. ఊళ్ళో అమ్మ ప్రతి ఆదివారం ఫోన్లో "ఇంకా ఏమీ తెలియలేదా?" అంటుంది. మీరు ప్రతి ఆదివారం "ప్రాసెస్‌లో ఉందమ్మా" అంటారు. నవ్వుతున్నారు, అంటే మీ ఇంట్లో కూడా ఇదే.

ఓసీఐ కార్డు, అంటే వేరే దేశ పౌరులైన మనవాళ్ళకి ఇండియా ఇచ్చే కార్డు, అది ఉన్నవాళ్ళకి ఇంకో మెలిక. ఇండియాలో ఉన్నవాళ్ళూ, ఎన్నారైలూ ఒక వరస. వాళ్ళెవరూ తీసుకోకపోతేనే ఓసీఐ వాళ్ళకీ, విదేశీయులకీ ఆ బిడ్డ. ఐదేళ్ళు దాటిన పిల్లలు, అన్నాచెల్లెళ్ళు కలిసి ఉన్నవాళ్ళు, శరీరంలోనో ఎదుగుదలలోనో ఏదో లోపం ఉన్నవాళ్ళు, వీళ్ళకి విదేశీ దత్తతలో ప్రాధాన్యం ఇవ్వొచ్చని చట్టంలోనే ఉంది. అందుకే మీ దగ్గరికొచ్చే రిపోర్టులో ఏదో ఒకటి రాసి ఉంటుంది. ఏమీ రాయని రిపోర్టు కోసం ఎదురుచూసేవాళ్ళు చాలా కాలం ఎదురుచూస్తారు.

ఒకప్పుడు ఇలా లేదు. 2004లో అమెరికాకి ప్రపంచం మొత్తం మీద ఇరవై రెండు వేలకి పైగా పిల్లలు దత్తత వచ్చారు. 2023కి అది పదమూడు వందల లోపుకి పడిపోయింది. గ్వాటెమాలా ఆపేసింది, రష్యా ఆపేసింది, ఇథియోపియా ఆపేసింది, 2024లో చైనా కూడా దాదాపుగా ఆపేసింది. ఎందుకు? ఒక్కో దేశానిది ఒక్కో కథ. కానీ మనకి దూరం పోనక్కర్లేదు. "ఇన్ని కాగితాలెందుకండీ, అనాథ పిల్లకి ఇల్లు దొరుకుతుంటే?" అని అడుగుతారు కదా. 1999లో, మళ్ళీ 2001లో మన నల్లగొండ తండాల్లో ఏం జరిగిందో గుర్తుందా? ఇక్కడున్న పెద్దవాళ్ళకి గుర్తుండాలి. లంబాడీ కుటుంబాల దగ్గర ఆడబిడ్డల్ని దళారులు డబ్బిచ్చి తెచ్చి, హైదరాబాద్‌లో అనాథలని కాగితాలు పుట్టించి, విదేశాలకి పంపే ఏర్పాట్లు చేసిన సంగతి పేపర్లలో వచ్చింది. కేసులయ్యాయి. కన్నవాళ్ళు నేరుగా సంస్థలకి పిల్లల్ని అప్పగించే పద్ధతినే రాష్ట్ర ప్రభుత్వం ఆపేసింది.

అందుకే ఈ రోజు కన్నతల్లి బిడ్డని అప్పగిస్తే, మనసు మార్చుకోవడానికి ఆమెకి రెండు నెలలు గడువు ఉంటుంది. వదిలేసి వెళ్ళిన బిడ్డయితే, రెండేళ్ళ లోపు పిల్లలకి రెండు నెలల్లో, పెద్దవాళ్ళకి నాలుగు నెలల్లో కన్నవాళ్ళ కోసం వెతికి, దొరకలేదని తేల్చాలి. ఈ ఎదురుచూపు మీద నాకు ఫిర్యాదు లేదు. మీకూ ఉండకూడదు. ఆ రెండు నెలలు మీవి కావు, ఆ తల్లివి.

నా ఫిర్యాదు వేరే ఎదురుచూపు మీద. మ్యాచ్ అయిపోయింది, మీరు ఒప్పుకున్నారు, ఫొటో ఫ్రిజ్ మీద పెట్టుకున్నారు, పేరు కూడా అనుకున్నారు. ఆ తర్వాత ఎన్‌ఓసీ, అంటే అభ్యంతరం లేదని కారా ఇచ్చే కాగితం. ఆ తర్వాత దత్తత ఉత్తర్వు. అది 2022 సెప్టెంబరు నుంచి కోర్టు కాదు, కలెక్టరు గారు ఇస్తున్నారు. రెండు నెలల్లో ఇవ్వాలని చట్టం. ఆ తర్వాత పాస్‌పోర్టు, వీసా, మెడికల్. ఎక్కడో ఒక బల్ల మీద ఫైలు ఆగుతుంది. ఫైలు ఆగినా ఏం కాదు, కాగితం వయసు పెరగదు. పిల్ల వయసు పెరుగుతుంది. ఆలస్యం అమృతం విషం అన్నారు మనవాళ్ళు. ఏ సందర్భంలో అన్నారో గానీ, రెండేళ్ళ లోపు పిల్ల మెదడు విషయంలో అది అక్షరాలా నిజం.

పిల్లల డాక్టర్లకి ఒక మోటు లెక్క ఉంది. సంస్థలో పెరిగే చంటిబిడ్డ ప్రతి మూడు నెలలకి ఎత్తులో సుమారు ఒక నెల వెనకబడుతుంది. అందరికీ కాదు, మంచి ఆయాలు ఉన్నచోట అంతగా ఉండదు. అందాజా లెక్క. అక్కడి ఆయాలు ప్రేమ లేనివాళ్ళని నేను అనడం లేదు. నేను వెళ్ళి చూశాను. ఒక్కావిడ చంకలో ఒకరు, ఒళ్ళో ఒకరు, కాళ్ళ దగ్గర ఇద్దరు. ఆవిడకి ఎన్ని చేతులుంటాయి? బిడ్డ ఏడవగానే ఎత్తుకునే మనిషి ఉండటం వేరు, తన వంతు వచ్చేదాకా ఆగడం వేరు. ఒళ్ళో పెరగాల్సిన వయసు పిల్లకి ఆ తేడా ఒంట్లోనే తెలుస్తుంది.

ఇప్పుడు రిపోర్టులోకి వెళ్దాం. దాన్ని ఎంఈఆర్ అంటారు, మెడికల్ ఎగ్జామినేషన్ రిపోర్ట్.

మొదట భయపెట్టే పదం. మూడు నెలల పాప, "హెచ్‌ఐవీ రియాక్టివ్" అని రాశారు. భార్యాభర్తలిద్దరూ నా ముందు కూర్చుని ఏడుస్తున్నారు. ఏ టెస్ట్ చేశారని చూశాను. యాంటీబాడీ టెస్ట్. మూడు నెలల పాప రక్తంలో ఉండే యాంటీబాడీలు ఎవరివి? తల్లివి! కడుపులో ఉన్నప్పుడు వచ్చినవి. పద్దెనిమిది నెలల దాకా ఉండొచ్చు. ఆ వయసులో పీసీఆర్ టెస్ట్ చేయాలి, వైరస్ ఉందో లేదో అదే చెబుతుంది. చేయించమని అడిగారు, నెగెటివ్ వచ్చింది. ఒకవేళ పాజిటివ్ వచ్చి ఉంటే? అప్పుడు కూడా మందులున్నాయి, ఆ పిల్లలు బడికి వెళ్తున్నారు, పెద్దవాళ్ళవుతున్నారు. వీసాకి కూడా 2010 నుంచి అది అడ్డు కాదు. హెపటైటిస్ సి యాంటీబాడీ కూడా ఇంతే, చిన్న బిడ్డలో తల్లిదే కావచ్చు. చూశారా, ఇక్కడ కూడా నేను అడిగింది వయసూ, తేదీనే.

రెండోది, గ్రహణం మొర్రి. మన అమ్మమ్మలు గ్రహణం పట్టిందని కడుపుతో ఉన్నవాళ్ళని గదిలో కూర్చోబెట్టేవారు, పాపం. గ్రహణానికీ దీనికీ ఏ సంబంధమూ లేదు. ఫొటో చూసి చాలామంది వెనక్కి తగ్గుతారు. పెదవి ఒక్కటే అయితే అసలు భయపడాల్సిన పనే లేదు. అంగిలి కూడా చీలి ఉంటేనే గడియారం మొదలవుతుంది. పెదవికి మూడు నుంచి ఆరు నెలల మధ్య ఆపరేషన్ చేస్తారు. అంగిలికి తొమ్మిది నుంచి పద్దెనిమిది నెలల మధ్య, మాటలు వచ్చేలోపు. ఒక కుటుంబం "అమెరికా వచ్చాక మంచి సర్జన్ దగ్గర చేయిద్దాం" అని ఆగింది. మంచి ఉద్దేశమే. ఫైలు ఆగింది. బాబు వచ్చేసరికి మూడేళ్ళు. ఆపరేషన్ బాగానే అయింది, కానీ అప్పటికే ముక్కుతో మాట్లాడటం అలవాటైపోయింది. చెవుల్లో నీరు చేరి వినికిడి తగ్గింది. స్పీచ్ థెరపీ ఏళ్ళ తరబడి నడిచింది. ఇండియాలో స్మైల్ ట్రైన్ అనే స్వచ్ఛంద సంస్థ సాయంతో ఈ ఆపరేషన్ ఉచితంగా చేసే ఆసుపత్రులున్నాయి. మన సర్జన్లు ఇలాంటివి ఎన్ని చేస్తారో ఇక్కడివాళ్ళు ఊహించలేరు. "అక్కడే చేయించండి, మేం ఒప్పుకుంటున్నాం" అని మీ ఏజెన్సీ ద్వారా అడగొచ్చు. అడగాలి. వంకర పాదాలు కూడా అంతే. పుట్టిన మొదటి వారాల నుంచీ పిండికట్లు వేస్తూ పోతే చాలావరకు సరైపోతాయి. గుండెలో చిన్న రంధ్రమైతే చాలావరకు దానంతట అదే మూసుకుంటుంది, ఎకో, అంటే గుండె స్కాన్ రిపోర్టు తెప్పించి చూపించుకోండి.

ఇప్పుడు అసలైనది. రిపోర్టులో రాయని విషయాలు. రాసినవి చూసి భయపడుతున్నాం కదా, రాయనివాటి సంగతేంటి? థైరాయిడ్. ఇక్కడ పుట్టిన ప్రతి బిడ్డకీ మడమ గుచ్చి రక్తం తీసి చూస్తారు. ఇండియాలో అన్నిచోట్లా చేయరు. పుట్టుకతో థైరాయిడ్ లేని బిడ్డకి వెంటనే మొదలుపెడితే రోజుకో చిన్న మాత్ర చాలు, మెదడు మామూలుగా ఎదుగుతుంది. ఏడాది ఆలస్యమైతే పోయిన తెలివి వెనక్కి తేలేం. అందుకే రిపోర్టులో టీఎస్‌హెచ్ అనే థైరాయిడ్ రక్తపరీక్ష లేకపోతే ముందు అది అడగండి. హెచ్‌ఐవీ గురించి ముప్ఫై ప్రశ్నలు అడిగి, దీని గురించి ఒక్కటీ అడగనివాళ్ళే ఎక్కువ. గిరిజన ప్రాంతాల పిల్లలైతే సికిల్ సెల్ అనే రక్తజబ్బు టెస్ట్ కూడా అడగండి.

తర్వాత తల కొలత. మెదడు పెరిగితే తల పెరుగుతుంది. టేపు ఖరీదు పది రూపాయలు, దానికి మించిన స్కానింగ్ లేదు. రిపోర్టులో ఒక్కసారే కొలిచి ఉంటారు. ఒక్క చుక్క పెట్టి గీత గీయగలమా? రెండు నెలలకోసారి కొలిచి తేదీతో సహా పంపమనండి. మూడు చుక్కలుంటే నేను గీత గీసి చెబుతాను, పాప పైకి వెళ్తోందా, కిందికి జారుతోందా అని. చిన్నగా ఉన్నా గీత వెంబడే పెరుగుతుంటే నాకు దిగులు లేదు.

ఇక్కడొక మెలిక. సంస్థ గుమ్మం దగ్గరి ఊయలలో వదిలి వెళ్ళిన బిడ్డకి పుట్టినరోజు ఎవరు చెబుతారు? డాక్టరు చూసి అంచనా వేస్తారు. బక్కగా ఉన్న ఏడాది పాపని ఎనిమిది నెలలని రాస్తే, ఎనిమిది నెలల పాపగా బాగున్నట్టు కనిపిస్తుంది! నెలలు నిండకుండా పుట్టిన పాప విషయంలో ఇది తిరగబడుతుంది, బాగున్నా వెనకబడినట్టు కనిపిస్తుంది. కాబట్టి పళ్ళు ఎన్ని వచ్చాయో అడగండి, వీడియో అడగండి. బర్త్‌డే కేకు వీడియో వద్దు. పాపని నేల మీద వదిలేసిన వీడియో. పాకుతోందా, పట్టుకుని నిలబడుతోందా, చిటికెన వేలి గోరంత బొరుగు గింజని రెండు వేళ్ళతో తీసుకుంటోందా? వెనక నుంచి గిన్నె మీద గరిటెతో కొడితే తిరిగి చూస్తోందా? రెండు నిమిషాల వీడియో చాలు నాకు.

ఎన్‌ఓసీ వచ్చాక, ఉత్తర్వు వచ్చేలోగా ఇండియాలోనే ఉండి పిల్లని మీ దగ్గర ఉంచుకోవచ్చు. దాన్ని ప్రీ-అడాప్షన్ ఫోస్టర్ కేర్ అంటారు. ఇద్దరికీ కుదరకపోతే ఒకరైనా వెళ్ళండి. సెలవు దొరకదు, తెలుసు. అయినా అడగండి. ఫైలు ఆగినా పిల్ల మీ ఒళ్ళో ఆగుతుంది.

ఇక్కడికి వచ్చాక చేయాల్సినవి గబగబా చెప్పేస్తాను. పదేళ్ళ లోపు దత్తత పిల్లలకి టీకాలన్నీ అక్కడే వేయించక్కర్లేదు, వచ్చిన 30 రోజుల్లో, లేదా డాక్టరు సరే అన్నాక వీలైనంత త్వరగా వేయిస్తామని సంతకం చేస్తే సరిపోతుంది. కానీ క్షయ విషయంలో మినహాయింపు లేదు. ఇండియా నుంచి వచ్చే రెండేళ్ళు దాటిన పిల్లలకి అక్కడే రక్తపరీక్ష చేస్తారు. పాజిటివ్ వస్తే ఎక్స్‌రే. అందులో అనుమానం వచ్చి కఫం కల్చర్ దాకా వెళ్తే ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగాల్సి రావొచ్చు, టికెట్లు ముందే కొనేసుకోవద్దు. ఇక్కడికొచ్చాక మొదటిసారి నెగెటివ్ వచ్చినా మూడు నుంచి ఆరు నెలలకి మళ్ళీ చేయించండి. బలహీనంగా ఉన్న ఒంట్లో పరీక్ష సరిగ్గా పలకదు. ఐరన్ కూడా రెండోసారి చూడాలి, పిల్ల గబగబా పెరిగేటప్పుడు ఉన్న ఐరన్ అంతా ఖర్చయిపోతుంది. సీసం పరీక్ష చేయించండి. కొన్ని కాటుకల్లో, సుర్మాల్లో సీసం ఉంటుంది. దిష్టి చుక్క పెట్టొద్దని నేను అంటే మీ అత్తగారు నన్ను క్షమించరు, సీసం లేదని తెలిసిన కాటుకైతే పెట్టుకోండి, కళ్ళల్లో మాత్రం వద్దు.

ఇంకొకటి. మన పిల్లలకి పిర్రల మీద, నడుం మీద నీలం మచ్చలుంటాయి. పుట్టుమచ్చల్లాంటివే, పెరిగేకొద్దీ పోతాయి. ఇక్కడ డేకేర్‌లో అవి చూసి దెబ్బలనుకుంటారు. మొదటి రోజే డాక్టరు చేత చార్టులో రాయించండి, ఫొటో పెట్టించండి. ఇది మరచిపోయి ఎంత టెన్షన్ పడ్డారో ఒక జంట, వాళ్ళు ఈ హాల్లోనే ఉన్నారు, పేరు చెప్పను.

ఆడపిల్లల తల్లిదండ్రులకి ఒక మాట. ఇండియా నుంచి స్వీడన్‌కి దత్తత వెళ్ళిన అమ్మాయిల్లో కొందరు త్వరగా పెద్దమనుషులవుతున్నారని అక్కడి డాక్టర్లు గమనించారు. బక్కగా ఉండి ఒక్కసారిగా పెరిగిన పిల్లల్లో అలా జరగొచ్చు. అలాగైతే ఎత్తు కూడా తొందరగా ఆగిపోతుంది. ఆరేడేళ్ళ నుంచి ప్రతి ఆరు నెలలకీ ఎత్తు కొలిపించండి.

ఏదమ్మా, వెనక నుంచి ఎవరో అడుగుతున్నారు... గట్టిగా చెప్పండి. ఆఁ, "మా పాప వచ్చే నెల వస్తోంది, డాక్టర్‌కి ఎప్పుడు చూపించాలి?" అంటున్నారు. మంచిది, చాలా సంతోషం. జ్వరమో, విరేచనాలో ఉంటే ఆ రోజే. ఏమీ లేకపోతే రెండు వారాల్లోపు తీసుకురండి. మొదటి మూడు నాలుగు రోజులు మాత్రం పాపని పడుకోనివ్వండి, మీరూ పడుకోండి. అన్నం పప్పు తింటుందా? తింటుంది కదా, అదే పెట్టండి. ఇంకో సంగతి, చెవుల డాక్టరు దగ్గరా, పిల్లల ఎదుగుదల చూసే డెవలప్‌మెంటల్ పీడియాట్రీషియన్ దగ్గరా అపాయింట్‌మెంట్లు ఈ సోమవారమే ఫోన్ చేసి తీసుకోండి. పాప రాకముందే. ఇండియాలో ఆలస్యం గురించి ఇంతసేపూ చెప్పాను గానీ, ఇక్కడ ఆ ఎదుగుదల డాక్టరు దగ్గర వెయిటింగ్ ఆరు నెలలు.